కంపానికి దూరంగా

లేజర్ గదిలో పరిశోధక విద్యార్థిని, ఆమె గైడు మాత్రమే ఉన్నారు.

"మళ్లీ అదే సార్. స్ఫటికంలోంచి కొత్త రంగు వెలుగు మినుకు మినుకుమంటోంది."

"లేజర్ పౌనఃపున్యాన్ని అణువుల కంపానికి దూరంగా పెట్టావా?"

"మీరు చెప్పినట్టే పెట్టాను. కంపం దగ్గరైతే స్ఫటికం వెలుగంతా మింగేస్తుందన్నారుగా."

"మరి నిన్న అంత వెలుగు ఎలా వచ్చింది?"

"నిన్న మర్చిపోయి సరిగ్గా ఆ కంపం మీదే పెట్టాను సార్."

"అయితే అది పొరపాటు. కొట్టెయ్."

"అణువులు ఊగినప్పుడే వెలుగు బలపడుతోంది సార్! వాటి జోలికి పోకుండానే నా పీహెచ్‌డీ కాస్తా గడిచిపోయింది."

"పీహెచ్‌డీ నీది. దూరంగా ఉండమని పుస్తకంలో రాసింది నేనమ్మా."

ఆయన విసురుగా కుర్చీ లాక్కుని మీటర్ ముందు కూర్చున్నాడు.

"ఆ పొరపాటేదో ఇంకోసారి చెయ్. నా కళ్లముందే చెయ్."