కుడిచుట్టూ ఎడమచుట్టూ ఆడే మైదానం గీసిన భీమశంకరం గారు

ఆ మైదానం పటాన్ని పదకొండేళ్లు సొరుగులో పడేసి తాళం వేసిన పెద్దలారా, ఈ వీడ్కోలు సంచిక మీరూ చదువుతారని తెలిసే ఈ మాట మొట్టమొదట రాస్తున్నాను: తప్పు మీది. ఇవాళ శాలువా పట్టుకుని ముందు వరుసలో నిలబడేదీ మీరే. అభినందన వ్యాసంలో మంచి మాటలే ఉండాలని సంపాదకవర్గం వారు రెండుసార్లు ఫోన్ చేసి మరీ చెప్పారు. మంచి మాటలే రాస్తున్నాను. నిజం కూడా మంచి మాటే.

1998 జూన్ 8, సోమవారం నాడు శ్రీ భీమశంకరం గారు అరిజోనాలో, చాండ్లర్‌లోని మా గోల్ఫ్ మైదానాల రూపకల్పన సంస్థలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. అంతకుముందు సాగర్ ఎడమ కాలువ మీద అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేసి, ఎగువ రైతుకూ చివరి ఆయకట్టు రైతుకూ మధ్య నీటి వంతులు కుదర్చబోయి ఇద్దరి చేతా తిట్లు తిన్న అనుభవం ఆయనది. గోల్ఫ్ కర్రను ఏనాడూ చేతబట్టని మనిషి గోల్ఫ్ మైదానాలు గీయడమేమిటని తొలిరోజుల్లో నవ్వినవారున్నారు. నేలవాలు ఎటుందో, నీరు ఎటు పారుతుందో, మనిషి కాళ్లు ఎటు లాగుతాయో చదవగలిగిన ఆ కళ్లకు కర్ర పట్టు తెలియకపోవడం లోపం కాదని నవ్వినవారికి కొన్నాళ్లకే తెలిసివచ్చింది. బంతి కొట్టడం ఆయనకు ఇప్పటికీ అంతంతమాత్రమే.

ఈ ఇరవై ఏడున్నరేళ్లలో భీమశంకరం గారు నలభైకి పైగా మైదానాల పటాలు గీశారు. అన్నీ నల్ల సిరాతోనే. ఒక దారికి చుక్కలు, ఒక దారికి గీతలు, మరో దారికి చుక్కా గీతా కలిపి. ఆఫీసంతా రంగుల కంప్యూటర్ పటాల్లో తేలుతుంటే ఆయన మాత్రం నలుపు వదల్లేదు. పాతకాలపు మనిషి అన్నారు, పిసినారి అన్నారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఎందుకు ఊరుకున్నారో తర్వాత చెబుతాను.

2010లో ఆయన గీసిన పటమే ఈ వ్యాసానికి మూలం. గోల్ఫ్ తెలియని కుటుంబసభ్యుల కోసం సూటిగా చెబుతాను. మామూలు మైదానంలో పద్దెనిమిది గుంటలకు ఒకటే దారి, ఒకటే దిశ. అందులో దిగినవాడు నాలుగైదు గంటల దాకా బయటపడడు. ఆ నేలంతటికీ రోజూ నీళ్లు పెట్టక తప్పదు. భీమశంకరం గారు ఆ దారిని మూడు చుట్లుగా విడదీశారు. ప్రతి చుట్టులో ఆరు గుంటలు. ప్రతి చుట్టూ క్లబ్ భవనం దగ్గరికే తిరిగి వస్తుంది. గంటన్నర తీరిక ఉన్నవాళ్లు ఒక చుట్టు ఆడి ఇంటికి పోతారు, ఓపిక ఉన్నవాళ్లు మూడూ ఆడతారు. గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చికను రెండు వైపుల నుంచీ బంతి చేరేలా వెడల్పు చేశారు గనుక, అదే మైదానాన్ని కొన్నిరోజులు కుడిచుట్టుగా, కొన్నిరోజులు ఎడమచుట్టుగా ఆడవచ్చు. ఎండాకాలంలో మూడింటిలో ఒక చుట్టుకు వంతులవారీగా సెలవు. దానికి ప్రాణం నిలిచేటన్ని నీళ్లే. సాగర్ కాలువ మీద తిట్లు తిని నేర్చుకున్న వంతుల పద్ధతి అరిజోనా ఎడారికి ఆ విధంగా వచ్చింది.

ఆ పటం సొరుగులోకి పోయింది. నేను 2015లో చేరాను. డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చుని, వీడియోలు చూసి స్ప్రింక్లర్ల లెక్కలు నేర్చుకున్నదాన్ని. నాకు డిగ్రీ లేదు. ఇంటర్వ్యూలో అందరూ సర్టిఫికెట్ అడిగితే ఈయనొక్కరే, "ప్రెషర్ పడిపోతే ముందు ఏ వాల్వ్ చూస్తావమ్మా?" అని అడిగారు. మరుసటి ఏడాది ఆయన తన పటాన్ని మళ్లీ బయటికి తీసినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. మా డైరెక్టర్ శ్యామ్‌సుందర్ గారు చూడనైనా చూడలేదు.

"ఒక రోజు ఇటు, ఒక రోజు అటు అంటే జనం కన్ఫ్యూజ్ అయిపోతారు సార్. ఎదురెదురుగా బంతులు కొట్టుకుని తలలు పగిలితే కేసులెవరు ఫేస్ చేస్తారు? క్లయింట్ అడిగింది ఇద్దాం, చాలు."

"తలలు పగలకుండా గీయడమేగా మన పని," అన్నారు భీమశంకరం గారు.

"రిటైర్ అయ్యాక తీరిగ్గా గీసుకోండి సార్."

ఆ మాటకు నాకు ఇవాళ్టికీ మండుతోంది. పటం మళ్లీ సొరుగులోకే పోయింది. ఆయనకు మాత్రం ఆనాటి నుంచీ ఒకటే దిగులు: తాను కుర్చీ వదిలేలోగా ఆ మైదానం నేలమీద కనిపిస్తుందా, లేదా?

2021లో నీటి కోత వచ్చింది. చాండ్లర్‌కు దగ్గరలోని ఒక చిన్న పట్టణం తన మునిసిపల్ మైదానానికి మూడోవంతు నీళ్లు తగ్గించి, సర్దుకునే దారి చూపండి, లేకపోతే మూసేస్తామని మాకు కబురు పెట్టింది. పెద్దలకు చెమటలు పట్టాయి. సొరుగు తాళంచెవి అడిగితే కనబడటం లేదన్నారు. నాకు స్క్రూడ్రైవర్ కనబడింది.

ఇక ఆయన నవ్వి ఊరుకున్న సంగతి. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. 2022 ఫిబ్రవరిలో పట్టణ కమిటీ వారిని నేలమీద నడిపించి చూపాలన్నారు. నల్ల గీతలు ఎవరికి ఎక్కుతాయని శ్యామ్‌సుందర్ గారు పటానికి రంగులు వేయించి, నేలమీద కూడా కుడిచుట్టుకు ఎర్ర రిబ్బన్లు, ఎడమచుట్టుకు ఆకుపచ్చ రిబ్బన్లు కట్టించారు. సగం కమిటీని ఆయన ఎర్ర దారిన తీసుకెళ్లారు. మిగతా సగాన్ని భీమశంకరం గారు ఆకుపచ్చ దారిన తీసుకెళ్లాలి. రిబ్బన్లు తప్ప వేరే గుర్తులేని, రెండు దారులూ కలిసే మలుపు దగ్గర ఈయన ఎర్ర రిబ్బన్ల వెంట తిరిగారు. పది నిమిషాల్లో రెండు గుంపులూ ఎదురెదురుగా వచ్చి ఆగిపోయాయి.

"ఏంటి సార్ ఇది? మీరు గీసిన దారే మీకు తెలీకపోతే ఎలా?" అని డైరెక్టర్ గారు అందరి ముందే గద్దించారు.

పదకొండేళ్ల పటం పది నిమిషాల్లో పోయిందనుకున్నాను. భీమశంకరం గారు టోపీ తీసి, కమిటీ అధ్యక్షురాలైన పెద్దావిడ వైపు తిరిగి, నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పారు: తనకు పుట్టుకతో ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయని, మగవాళ్లలో పన్నెండు మందికి ఒకరు ఇంచుమించు తనలాంటివారేనని, రంగును నమ్ముకుని ఈ మైదానం తెరిస్తే ఇప్పుడు మనుషులు ఎదురుపడినట్టే రేపు బంతులు ఎదురుపడతాయని. గుర్తులు మార్చాలి గానీ దారి మార్చనక్కర్లేదన్నారు. ఆవిడ పకపకా నవ్వి, "మా ఆయన కూడా అంతే. జతకాని మేజోళ్లు వేసుకుని తిరుగుతాడు," అన్నారు. కమిటీ ఒప్పుకుంది. అందుకే ఇవాళ అక్కడ చతురస్రపు జెండా ఎగిరితే కుడిచుట్టు, త్రికోణపు జెండా ఎగిరితే ఎడమచుట్టు. ఏ కంటికైనా తేడా తెలుస్తుంది.

ఆ సాయంత్రం వాళ్లింట్లో ఆయన సతీమణి శ్రీవిద్య గారు కాఫీ ఇస్తూ, "సిగ్నల్ దగ్గర పై లైటు వెలిగితే ఆగుతారు, కింది లైటు వెలిగితే కదులుతారు. చీర చూపిస్తే మాత్రం ఏదైనా బావుందంటారు," అని నవ్వారు.

కూతురు నిధి మాత్రం నవ్వలేదు. "ఇట్స్ నాట్ ఎ బిగ్ డీల్ నాన్నా. ఆఫీస్‌లో ఎందుకు చెప్పలే?"

"పటాలు గీసేవాడికి రంగులు తెలీవంటే ఉద్యోగం ఉంచుతారామ్మా? ఉద్యోగం పోతే వీసా పోయేది. తర్వాత గ్రీన్ కార్డు వచ్చింది, భయం మాత్రం అలవాటైపోయింది."

సహోద్యోగులారా, అంత భయాన్ని మోస్తూ ఒక మనిషి మన పక్క కుర్చీలో కూర్చుంటే, పిసినారి అన్నాం మనం.

2024 నవంబరులో మైదానం తెరిచారు. ఎడమచుట్టు తొలిరోజున ఆయన జేబునిండా ప్లాస్టర్లు పెట్టుకుని వచ్చారు. నేను ఫోన్ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. సాయంకాలం ఆఖరి ఆటగాడు క్షేమంగా బయటికొచ్చాక ఇద్దరం కారు బానెట్‌కు ఆనుకున్నాం. "గట్టెక్కాం ప్రసూనమ్మా," అన్నారు ఆయన. పద్నాలుగు నెలలు గడిచాయి. ఒక్క తలా పగల్లేదు. నీళ్లు కేటాయింపు దాటలేదు. పనినుంచి వస్తూ ఆరు గుంటలు ఆడిపోయే నర్సులున్నారు, మనవళ్లను వెంటబెట్టుకొచ్చే తాతలున్నారు. ఆయన కుర్చీ వదలకముందే ఆ మైదానం నేలమీదికి వచ్చింది. ఆ ఒక్క ఊరటతో నా కోపం సగం చల్లారింది.

2026 జనవరి 30న పదవీ విరమణ చేస్తున్న శ్రీ భీమశంకరం గారు, మోకాళ్లు సహకరించి, నిద్ర నిండుగా పట్టి, శ్రీవిద్య గారు తోడుగా నూరేళ్లకు పైబడి ఆ మైదానం చుట్టూ కుడి నుంచి ఎడమకూ, ఎడమ నుంచి కుడికీ తిరుగుతూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. 

మిగిలిన సగం కోపం మైదానం గుమ్మంలోని పలక మీద. దానిమీద డైరెక్టర్ గారి పేరుంది, కమిటీ వారి పేర్లున్నాయి, గడ్డి సరఫరా చేసిన కంపెనీ పేరు కూడా ఉంది. భీమశంకరం గారి పేరు లేదు. పైగా ఆ అక్షరాలు ఆకుపచ్చ మీద ఎరుపు. తన పేరు లేదన్న సంగతిని ఆయన చదివి తెలుసుకునే వీలు కూడా లేకుండా రాయించారు. సోమవారం పొద్దున ఆ పలక దింపండి. తెల్లటి పలక మీద, నల్లటి అక్షరాలతో, అన్నిటికంటే పైన ఆయన పేరు రాయించి బిగించండి. చేతకాకపోతే చెప్పండి. స్క్రూడ్రైవర్ ఇంకా నా దగ్గరే ఉంది.

జ్ఞానప్రసూన
నీటి సరఫరా విభాగం