ఆదిశేషు తిరిగి వినిపించిన మాటలు

ఆదిశేషు గారి భార్య నాగదుర్గ గారికి, సజ్జా క్యాంపుల నుంచి, జెబెల్ అలీ నుంచి డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోకుండా వచ్చిన అన్నలకు, తమ్ముళ్ళకు, పనిచేసే ఇళ్ళలో సెలవు అడిగి వచ్చిన అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

ఈ సభలో నేను చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. అది ఈ రోజే ఎందుకు చెప్పాలో ముందుగా చెబుతాను. మన ఆదిశేషు గారు తన ఇంటర్నెట్ రేడియో కోసం అమెరికా సెనేటర్లతో చేసిన ఇంటర్వ్యూలలో ఒకటి కల్పితమని ఏడాదిగా ఒక మాట తిరుగుతోంది. ఆ ఇంటర్వ్యూ జరిగినప్పుడు నైఫ్ బజారులోని ఆయన రేడియో గదిలో ఉన్నది ఇద్దరం. ఆయన, నేను. మొన్న జెబెల్ అలీ శ్మశానవాటికలో ఆయనను సాగనంపి వచ్చాం. ఆ గదిలో విన్నవాళ్ళలో ఇక మిగిలింది నేనే. అందుకని ఈ రోజే చెప్పాలి.

నా పేరు కరుణ. అబూదాబీలో ఒక పరిశోధన సంస్థలో అమెరికా చట్టసభల పనితీరు మీద పనిచేస్తాను. ఏ బిల్లు ఏ కమిటీలో ఆగింది, ఎవరు ఎటు ఓటు వేశారు, ఎందుకు వేశామని చెప్పుకున్నారు, ఇదీ నా చదువు. ఆదిశేషు గారి ఇంటర్నెట్ రేడియోకు ఆ సమాచారం సిద్ధం చేసి ఇచ్చేదాన్ని. ఆయన నన్ను "డాక్టరమ్మ గారూ" అని పిలిచేవారు. కొంత గౌరవం, కొంత వేళాకోళం.

మిత్రులారా, సంతాప సభలో ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను, మన్నించండి. ఆయనంటే నాకు అసూయ. ఉండేది అనడం లేదు. ఉంది. ఇప్పుడు, ఈ హాల్లో కుర్చీలు చాలక గోడల వెంట నిలబడిన మిమ్మల్ని చూస్తుంటే కూడా ఉంది. నా కోసం ఇంతమంది ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కి రారు. ఆ సంగతి నాకు తెలుసు.

ఇది ఎందుకు చెబుతున్నాను? సాక్షి ఎలాంటి మనిషో తెలియకుండా సాక్ష్యం వినకూడదు. ప్రేమకొద్దీ ఆయన తప్పులు కప్పిపుచ్చే మనిషిని కాను నేను. ఆ ఇంటర్వ్యూలలో ఎక్కడైనా ఒక తప్పు దొరికితే బాగుండునని వెతికిన మనిషిని. ఈ సంగతి గుర్తుపెట్టుకుని నా మాట వినండి.

ఆ గది మీలో చాలామంది చూశారు. నన్నే సాహెబ్ గారి సూట్‌కేసుల దుకాణం మీద గది. శబ్దం రాకుండా గోడల నిండా దుప్పట్లు వేలాడదీశారు. మన వాళ్ళు ఊరికి వెళ్ళేటప్పుడు తీసుకువెళ్ళే పెద్ద పులి బొమ్మ దుప్పటి సరిగ్గా ఆయన కుర్చీ వెనక ఉండేది. మొదటిసారి వీడియో కాల్‌లో మాట్లాడిన సెనేటర్, ఒక పెద్దావిడ, నమస్కారం కన్నా ముందు ఆ పులి ఏమిటని అడిగారు. ఆదిశేషు గారు రాజోలు యాసలోనే ఇంగ్లీషు మాట్లాడుతూ, అది ఇక్కడ కొని ఇంటికి పంపే వెచ్చదనం అని చెప్పారు. ఆవిడ నవ్వారు. నేను సిద్ధం చేసిన మొదటి ప్రశ్న అక్కడే వ్యర్థమైపోయింది. ఇంటర్వ్యూ నడుస్తున్నంతసేపూ కింద కార్టన్లకు టేపు వేయడం నన్నే సాహెబ్ గారు ఆపించేవారు. విసుక్కునే గిరాకీలతో "ఠైరో భాయ్, ఊపర్ అమ్రీకా బైఠా హై" అనేవారట, ఆగండి, పైన అమెరికా కూర్చుని ఉందని.

సెనేటర్లు ఈ గదికి, వీడియోలోనే అయినా, ఎందుకు వచ్చారు? వాళ్ళ రాష్ట్రాల్లో తెలుగు వాళ్ళ ఓట్లున్నాయి, ఆ ఓటర్ల బంధువులు ఇక్కడున్నారు, అది ఒక కారణం. అసలు కారణం ఒక ఒప్పందం. కార్యక్రమంలో వినిపించేది ఆదిశేషు గారి తెలుగు గొంతు మాత్రమే. సెనేటర్ ఇంగ్లీషు మాట బయటికి రాదు. మొదటి సెనేటర్ కార్యాలయం పెట్టిన షరతు అది. ఆయన దాన్ని అందరికీ వర్తింపజేశారు. తమ ఊరి విలేకరులు వినరన్న ధైర్యంతో వాళ్ళు కాస్త స్థిమితంగా కూర్చునేవారు.

కానీ ఆ ధైర్యం ఒక్కటే చాలదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. నేనూ సెనేటర్లను ప్రశ్నించాను. పేర్లు బయటపెట్టనని రాసిచ్చి మరీ ప్రశ్నించాను. వాళ్ళు నాకు చెప్పిన జవాబులు వాళ్ళ వెబ్‌సైట్లలో ఉన్నాయి. మరి ఆయనకు మాత్రం ఎందుకు చెప్పారు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం తినేసింది.

జవాబు సజ్జా కార్మికుల క్యాంపులో ఉంది. కరోనా కాలంలో క్యాంపు గేట్లు మూసినప్పుడు, ఆదిశేషు గారు లోపలి వాళ్ళ కబుర్లు ఫోనులో విని, రాసుకుని, వాళ్ళ ఊళ్ళకు రేడియోలో చదివేవారు. భీమయ్య గారు ఇక్కడే ఉన్నారు. నేను తప్పు చెబితే దిద్దుతారు. జగిత్యాల దగ్గర పల్లెలో ఉన్న ఇంటామె లింగవ్వ గారికి ఆయన చెప్పిన కబురు చాలా చిన్నది. నేను మంచిగనే ఉన్న, రంది పడకు. అంతే. ఆదిశేషు గారు ఆ కబురును అలాగే పంపలేదు. మెల్లగా, ఒక్కొక్క మాటా భీమయ్య గారికే తిరిగి వినిపించారు. ఇది మీ మాటేనా అండీ, పంపించేదా అని అడిగారు. తర్వాత భీమయ్య గారు అన్నారు: "ఆగు సారూ. గా మాట తీసెయ్. మంచిగ లేను. పక్క మంచపోన్ని అంబులెన్సుల తీస్కవోయిండ్రు. భయమైతాంది. ఆమెకు తెల్వనీ."

అప్పటి నుంచి ఆయన పద్ధతి అదే. ఎవరు ఏమి చెప్పినా, దాన్ని వాళ్ళ చెవులకే ముందు అప్పగించడం. ఎదురుప్రశ్న ఉండదు. నిలదీయడం ఉండదు. ఇదే మీరన్నది, ఇలాగే చెప్పమంటారా అని అడగడం మాత్రమే. అలా అడిగితే మనుషులు తమ మాటను మెత్తబరుచుకుంటారని నేను అనుకున్నాను. పద్ధతి ప్రకారం చూస్తే అది పొరపాటని వాదించాను కూడా. జరిగింది వేరు.

వ్యవసాయం ఎక్కువగా ఉన్న ఒక రాష్ట్రపు సెనేటర్ తెర మీదికి వచ్చారు. బడ్జెట్ సకాలంలో ఆమోదం పొందక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడి, ఉద్యోగుల జీతాలు ఆగిన రోజుల గురించి ప్రశ్న. ఆయన జవాబు నాకు ముందే తెలుసు, అది రెండు పార్టీల వైఫల్యమని. ఆ మాటే అన్నారు. ఆదిశేషు గారు ఇంగ్లీషులోనే తిరిగి వినిపించారు: "తప్పు రెండు పార్టీలదీ అంటున్నారు. అంటే మీది కూడానండి. ఇలాగే చెప్పమంటారా?" ఆ పెద్దమనిషి కళ్ళజోడు తీశారు. జీతం ఆగిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం మానేశానని, వెళితే ఏం చెప్పాలో తెలియదని, ఒకసారి పెట్రోలు బంకులో తన ఓటరు ఎదురైతే కారు దిగకుండా కూర్చున్నానని చెప్పారు. ఇదే సెనేటర్ నాకు మూడు పేజీల జవాబు పంపారు. అందులో కారు లేదు, బంకు లేదు, మనిషి లేడు.

ఆ ఇంటర్వ్యూ జెబెల్ అలీ కంపెనీ బస్సుల్లో విన్నారు. మన వీసా చేతిలో పెట్టుకున్న కఫీల్ సంగతి అడగకుండా ఆ సెనేటర్ల గోల మనకెందుకని మొదట్లో ఆదిశేషు గారిని ఆటపట్టించిన వాళ్ళే విన్నారు. ఆ వారం పార్టీ నాయకత్వానికి సెనేటర్లు ఎంత జంకుతారో విని భీమయ్య గారు చేసిన వ్యాఖ్య మీ అందరికీ తెలుసు. "అయితె ఆయనకు గూడ ముదీర్ ఉన్నడన్నట్టు." మేనేజరుకు రోజూ జంకే ఆ బస్సంతా నవ్విందట. నా వ్యాసాలు చదివి ఎవరూ నవ్వలేదు. కోప్పడలేదు కూడా. నాకు అసూయ ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక కల్పితమన్న ఆ ఇంటర్వ్యూ.

ఏళ్ళుగా ఆ సభలో ఉన్న సెనేటర్. స్థిరపడిన విదేశీ కార్మికులను ఉండనిచ్చే బిల్లును చాలాకాలం సమర్థించి, చివరికి వ్యతిరేకంగా ఓటు వేశారు. ఎందుకని ఆదిశేషు గారు అడిగారు. బిల్లు రూపంలో లోపాలున్నాయని ఆయన చెప్పారు. మర్యాదగా, నిర్దుష్టంగా చెప్పారు. ఆదిశేషు గారు దాన్ని ఒక్కొక్క వాక్యమే తిరిగి వినిపించారు. సెనేటర్ మధ్యలో చేయెత్తి ఆపారు. అలా చెప్పవద్దన్నారు. తర్వాత మాట్లాడారు. తెలుగులో మీరందరూ విన్నారు: "ఆ ఓటు తప్పని, వేస్తున్నప్పుడే నాకు తెలుసు. భయపడ్డాను. నా పార్టీ వాళ్ళే నా మీద ఇంకొకరిని నిలబెడతారని భయం. మా ఇంటి ముందు గుంపు చేరినప్పుడు నా భార్య తెరలు దించుకుని కూర్చుంది. అది మళ్ళీ చూడలేననిపించింది." ఆదిశేషు గారు అదీ తిరిగి వినిపించారు. ఇది మీ మాటేనా అని అడిగారు. నా మాటే అన్నారాయన.

కొన్ని నెలల తర్వాత ఎవరో ఆ తెలుగును ఇంగ్లీషులోకి మార్చి ఆ రాష్ట్రంలో ప్రచారంలో పెట్టారు. మా సెనేటర్ అలా అనలేదని, అది అనువాదకుడి పొరపాటని ఆయన కార్యాలయం ప్రకటించింది. ఆ తర్వాత ఏ సెనేటరూ ఆ గదికి రాలేదు. వాట్సాప్ గ్రూపుల్లో ఆదిశేషు గారికి కథల శేషు అని పేరు పెట్టారు. దేరాలో టీ తాగుతుంటే మన వాళ్ళే ఒకరు అడిగారు: "ఏం శేషూ, మొన్న మాట్లాడింది సెనేటరా, వెనకున్న పులా?" ఆదిశేషు గారు గ్లాసు దించకుండానే అన్నారు: "పులికి ఇంగ్లీషు రాదండీ." అందరూ నవ్వారు. నాగదుర్గ గారు నవ్వలేదు. మార్కెట్టులో, బస్సు స్టాపులో, ఆదివారం పలకరింపుల్లో ఆ ప్రశ్న ఆవిడకూ ఎదురవుతూనే ఉంది. మీ ఆయన నిజంగా మాట్లాడాడా?

ఆయన దగ్గరున్న ఇంగ్లీషు రికార్డింగు ఒక్క నిమిషం వినిపిస్తే చాలు. ఆ గోల అక్కడితో ఖలాస్. నేను వెళ్ళి అదే చెప్పాను. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాను: "ఆయ్, వినిపిస్తే నేను గెలుస్తానండీ డాక్టరమ్మ గారూ. ఆ తర్వాత ఏ సెనేటరూ, ఏ భీమయ్యా నా దగ్గర మాట దిద్దుకోడండీ." పోనీ నేను సాక్ష్యం చెబుతానన్నాను. వద్దండీ, ఆ సెనేటర్ గారికి ఎన్నికలున్నాయి, ఊరుకోండి అన్నారు.

నేనైతే గంటలో బయటపెట్టేదాన్ని. దేనికి నాకు ఎక్కువ అసూయ అని మీరడిగితే, ఆయన గొంతు కాదు, ఆయన శ్రోతలు కాదు, ఇదే. తన పేరు పోతున్నా, ఇచ్చిన మాట మీద ఇబ్బంది లేకుండా కూర్చోగలగడం. అందులో ఆయనకు గొప్పగా ఏమీ అనిపించినట్టు లేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

ఊరుకుంటానని ఆయనకు నేను మాట ఇవ్వలేదు. కనుక ఇప్పుడు చెబుతున్నాను. ఆ ఇంగ్లీషు మాటలను ఇక్కడ పలకను. అవి ఆ ఒప్పందంలో ఉన్నాయి. కానీ మీరు విన్న తెలుగులో ఉన్నదంతా ఆ ఇంగ్లీషులో ఉంది. ఒక్క వాక్యం ఎక్కువ లేదు, ఒక్క వాక్యం తక్కువ లేదు. వృత్తిరీత్యా చెప్పవలసింది ఒకటుంది. ఆదిశేషు గారు తెలుగులో భయం అన్నచోట నేను ఆందోళన అని ఉండేదాన్ని. ఆయన మాటే సరైనది. ఆ సెనేటర్ ముఖం తెర మీద నేనూ చూశాను.

నాగదుర్గ గారూ, ఇది మీకు ఎంతవరకు పనికొస్తుందో నాకు తెలియదు. రేపు బస్సు స్టాపులో ఎవరైనా అడిగితే, అక్కడున్న కరుణ విన్నదని చెప్పండి. నా ఫోన్ నంబరు ఇవ్వండి.

ఇంకో విషయం. ఇంగ్లీషు వార్తాసంస్థ ఒకటి ఆ రికార్డింగులు ఇమ్మని నాగదుర్గ గారిని కోరుతోంది. ఇస్తే ఆదిశేషు గారిని ఇక ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ సెనేటర్ ఈ నవంబరులో ఎన్నికలకు వెళుతున్నారు, ఆయన సంగతి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నిన్న ఆవిడ నన్ను అడిగారు: "ఆయనిచ్చిన మాట ఆయనదేనా అండీ, మా ఇంటిది కూడానా?"

నేను చదివిన చదువులో దీనికి దగ్గరగా ఒక్కటే ఉంది. అమెరికా కాంగ్రెసు గడువు తీరితే, ఆమోదం పొందని బిల్లులన్నీ దానితోపాటే చనిపోతాయి. కొత్త సభలో మళ్ళీ మొదటి నుంచి ప్రవేశపెట్టాలి. ఈ నిబంధన నాకు కంఠస్థం. మనిషి ఇచ్చిన మాటకు అలాంటి నిబంధన ఉందా? ఆవిడకు నేను జవాబు చెప్పలేదు. మీలో ఎవరూ తొందరపడి చెప్పవద్దని కూడా వేడుకుంటున్నాను. ఆ రికార్డింగులు ఆవిడ దగ్గర ఉన్నాయి. నిర్ణయం ఆవిడది.

దయచేసి అందరం లేచి నిలబడదాం. నన్నే సాహెబ్, మీరు కూర్చునే ఉండండి, మీ మోకాళ్ళ సంగతి ఆయనకు తెలుసు. రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. ఆదిశేషు గారు అబద్ధం చెప్పలేదు, అది నాకు తెలుసు. ఆయన ఇచ్చిన మాట ఆయనతో తీరిపోయిందో లేదో నాకు తెలియదు.