కోర్టులో నీ కేక

చచ్చి నాలుగో ఏడు నడుస్తోంది, ఇంకా నీ నోరు ఊరుకోదా ఎజ్రా? ఎందుకయ్యా మమ్మల్నిలా వేపుకు తింటావు?

ఉండు, ఈ మెట్ట ఎక్కేసరికే ఆయాసం వచ్చింది. ఈ రాయి మీద కూర్చోనీ. రాళ్ళకేం కరువు, నీ సమాధి చుట్టూ ఉన్నవన్నీ నువ్వు ఏరి పోసినవేగా.

ఇవాళ గవర్నరు ఎన్నిక. మన కెంటకీలో ఓటంటే నీకు తెలియందా! కోర్టులో షెరీఫు బల్ల ముందు నిలబడి నలుగురూ వినేలా పేరు అరవాలి. ఆ పేరుగలాయన తరఫు మనిషి లేచి, టోపీ తీసి, వంగి దండం పెట్టాలి. ఎవరికి వాళ్ళు గుట్టుగా చెప్పుకునేదైతే ఎంత బాగుండేది! మన చేను మనకి మిగిలేది.

వద్దు మొర్రో అన్నానా పోయినసారి? కల్నల్ ప్రూయిట్ భూమి కౌలుకు చేస్తూ, ఆయన ఎదురుగానే, ఆయన నిలబెట్టిన వికర్స్‌ని కాదని "డాబ్నీ!" అని గావుకేక పెట్టావు. పందుల్ని పిలిస్తే వాగవతలి వాళ్ళ పందులు కూడా పరిగెత్తుకొచ్చే గొంతాయె నీది. డాబ్నీ నీకేం చుట్టమయ్యా అంటే, "భూమి కౌలుకు తీసుకున్నాను గానీ నా నోరు ఆయనకి కౌలుకివ్వలేదే" అన్నావు. అబ్బో, ఎంత గొప్పగా అన్నావో!

ఏమైంది చివరికి? కల్నల్ ఆ ఏటి పక్క చేను లాక్కుని ఈ రాళ్ళమెట్ట మన మొహాన కొట్టాడు. ఆ చలికాలమంతా రాళ్ళు ఏరి ఏరి, రొమ్ము పట్టేసి నువ్వు పోయావు. డాబ్నీ ఓడాడు, వికర్సూ ఓడాడు, ఎవడో మూడోవాడు గవర్నరయ్యాడు.

మళ్ళీ ఈసారీ ఆ ఇద్దరే నిలబడ్డారు. మన లేవీకి ఈ ఏడే ఓటొచ్చింది. వాడు నీలా కాదు కదా, మాట్లాడితే పక్కవాడికే వినబడదు. పొద్దున్నే బైబిలు మీద చెయ్యి వేయించుకుని చెప్పాను, "నాయనా, వికర్స్ అను. మెల్లిగా అన్నా ఫర్వాలేదు, కల్నల్‌కి వినబడితే చాలు. ఈ కాస్త మెట్టయినా మిగలనీ" అని. "అలాగేనమ్మా" అన్నాడు. జొన్నరొట్టె నములుతూ కూడా "వికర్స్, వికర్స్" అనుకుంటూనే ఉన్నాడు పాపం.

ఆడవాళ్ళం లోపలికి పోకూడదుగా. కోర్టు కిటికీ కింద, బండి పక్కన నిలబడ్డాను. షెరీఫు అడిగాడు, "లేవీ కాబ్! గవర్నరుకి ఎవరయ్యా?"

అప్పుడు వినబడింది. "డాబ్నీ!"

అది వాడి గొంతు కాదు. నాకు తెలీదూ? ఆ మొదటి అక్షరం మీద నువ్వు వేసే బరువు, చివర ఆ సాగదీత! బండి గుర్రం బెదిరిపోయింది. అంత ఆగస్టు ఎండలో నాకు ఒళ్ళు చల్లబడింది. పక్కనున్న హెప్జిబా నా చెయ్యి పట్టుకుని, "ఏమేవ్, మీ ఆయన గొంతు గదటే అది!" అంది. లోపల ఓటర్లకి పోసే సారా తాగుతున్న కమ్మరి టాలివర్ "ఓరి దేవుడో, ఎజ్రా!" అని కేకేశాడు. కల్నల్ అయితే లేవీని చూడనే లేదట, గుమ్మం వైపు చూశాడట. డాబ్నీ తరఫు మనిషి లేచి దండం పెట్టడం కూడా మరిచిపోయాడట.

లేవీ బయటికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా, నేను వికర్స్ అనే అన్నాను. అందరూ నన్నట్లా చూస్తారేం?" అని అడిగాడు.

విన్నావా? వాడికి తెలియనే తెలియదు! నీ నోరు ఎవరికీ ఇవ్వనన్నావే, మరి వాడి నోరు ఎవర్నడిగి తీసుకున్నావు? కన్నకొడుకైతే మాత్రం?

గంట తిరక్కుండా కల్నల్ దగ్గర్నుంచి కబురొచ్చింది. పొగాకు కోత అవగానే ఇల్లు వదలాలట. నది దాటి మా తమ్ముడి పంచన చేరాలిక. వాడి పెళ్ళాం సంగతి నీకు తెలుసుగా. నిన్నేమో ఇక్కడ ఒక్కణ్ణీ వదిలేసి పోవాలి. నీ సమాధి మీద రాలిన ఆకులు తీసేవాళ్ళు కూడా ఉండరు.

ఏం, మాట్లాడవేం? ఇప్పుడు నోరు పెగలదా?

సరే, నేనే చెప్తాను. ఇంత తిట్టానా, ఆ కేక చెవిన పడ్డప్పుడు మాత్రం నాకు భూమీ గుర్తు రాలేదు, కల్నలూ గుర్తు రాలేదు. నవ్వొచ్చింది ఎజ్రా. అంత భయంలోనూ, అందరూ చూస్తుండగా, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వాను. నీ మొహం గుర్తుంది గానీ, ఈ రెండేళ్ళుగా నీ గొంతు ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు, తెలుసా? దానికోసం ఎన్నిసార్లు ఏడ్చానో.

ఓట్లు మూడు రోజులు పడతాయి. రేపూ ఉంది, ఎల్లుండీ ఉంది. వెళ్ళి ఆ కోర్టు కిటికీ కిందే నిలబడతాను. పోయే భూమి ఎలాగూ పోయింది. లేవీ ఓటు అయిపోయింది, వాడి జోలికి మాత్రం రాకు. ఇంకెవరి నోరు పట్టుకుంటావో నీ ఇష్టం.