పేరు రాయని ఆ ఒక్క చీటీ

నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీ బంగారయ్య గారు 1992 జూన్ 15వ తేదీన జురాంగ్ ఈస్ట్‌లోని మన ధ్వని పరికరాల సంస్థలో సహాయ సాంకేతికునిగా చేరారు. ముత్తాతల నాడే కోస్తా తీరం నుండి సముద్రం దాటి వచ్చి ఈ ద్వీపంలో స్థిరపడిన కుటుంబం వారిది. తొలి పన్నెండేళ్లు లారీలకు స్పీకర్లు ఎక్కించి, దించి, చెడినవాటిని బాగుచేసి, 2004లో, మైకుల శబ్దాన్ని కలిపి స్పీకర్లకు పంపే మిక్సర్ల మరమ్మతు విభాగానికి బాధ్యులయ్యారు.

ఫిర్యాదు తెచ్చిన మనిషి మాట పూర్తిగా విన్నాకే వారు స్క్రూడ్రైవర్ పట్టేవారు. పని ముగిశాక మిక్సర్ మూత లోపల ఒక చీటీ అంటించేవారు: తేదీ, లోపం, ఎవరి చేతిలో జరిగితే వారి పేరు. తన పొరపాటైతే తన పేరే. అది నింద కోసం కాదు, రేపు విప్పేవారికి ఎవరిని అడగాలో తెలియడం కోసం.

2019లో జురాంగ్ వెస్ట్‌లో తెలుగువారి సంఘం వార్షికోత్సవం జరిగింది. నా శ్రీమతి కమలాదేవి కాలం చేసిన మరుసటి ఏడాది అది. ఆమె నేర్పిన కీర్తనను మా మనుమరాలు మహతి, తొమ్మిదేళ్ల పిల్ల, తొలిసారి వేదికపై పాడవలసి ఉంది. ఉదయం నుండి స్పీకర్లలో ఒకటే మోత. బంగారయ్య గారు ఇంకా రాలేదు. మన సంస్థ తరఫున పర్యవేక్షకుడినైన నేను తొందరపడి మిక్సర్ ప్లగ్గులో ఎర్త్ వైరు ఊడదీశాను. మోత ఆగింది. మురిసిపోయి, మిక్సర్‌ను వేదిక పక్కకు జరిపించాను.

బంగారయ్య గారు వచ్చీ రాగానే దాని ఇనుప ఒంటికి మీటరు ఆనించి, స్విచ్ కట్టేశారు.

“సౌండ్ క్లీన్‌గానే ఉంది కదా అంకుల్. పది నిమిషాల్లో స్టార్ట్ చెయ్యాలి,” అన్నాడు సంఘం కార్యదర్శి శశికాంత్.

“బాడీకి కరెంటు వస్తోంది తంబీ. పాప చేతికి మైకు ఇస్తావా? వెయిట్ చెయ్యి లా,” అన్నారు వారు ఇక్కడి యాసలో.

విప్పి చూస్తే, జరిపినప్పుడు రేకు అంచుకు ఒరుసుకుని తొడుగు పోయిన వైరు ఆ ఇనుప ఒంటికి తగులుతోంది. ఎర్త్ ఉండి ఉంటే బ్రేకర్ వెంటనే పడిపోయి కరెంటు ఆగిపోయేది. వారు వైరు మార్చి, ఎర్త్ కలిపి, తెరపై బొమ్మల కోసం వేరే గోడ ప్లగ్గుకు పెట్టిన ల్యాప్‌టాప్‌ను కూడా మిక్సర్ ఉన్న ప్లగ్గు వరుసకే తగిలించారు. ఆ మోతకు మూలం రెండూ వేర్వేరు చోట్ల ఉండడమేనట. నలభై నిమిషాలు ఆలస్యంగా మహతి పాడింది.

పాట అయ్యాక కూడా నేను ఆ ప్లగ్గు దగ్గరే నిలబడి ఉన్నాను. వారు నా వైపు చూసి, “కింద కాఫీ కొట్టులో కోపీ బాగుంటుంది సార్, తాగి రండి,” అన్నారు, అంతే. తిరిగి వచ్చి చూస్తే చీటీపై తేదీ, ‘ఎర్త్ తిరిగి కలపడమైనది’ అని మాత్రమే ఉంది. పేరు ఉండవలసిన చోటు ఖాళీ. వారి చీటీలన్నిటిలో అలాంటిది నేను చూసింది అదొక్కటే.

గత వారం ఆ మిక్సర్ మూత విప్పి, వారి ఎదుటే ఆ ఖాళీలో నా పేరు రాశాను. వారు కళ్లజోడు సవరించుకుని చదివి, “ఇవాళ్టి తేదీ కూడా వెయ్యండి సార్,” అన్నారు. వేశాను.

శ్రీ బంగారయ్య గారూ, ఆరోజు మహతి పాట చివరిదాకా వినగలిగిన తాతగా కోరుతున్నాను: మీ శ్రీమతి నాగరత్నం గారితో, పిల్లలతో, చూపు తగ్గని కళ్లతో, వణకని చేతులతో మీరు నిండు నూరేళ్లు సుఖంగా ఉండాలి.