ముప్పావు నిమిషం

అది కంప్యూటర్ తప్పేనండీ, ఎన్నిసార్లు చెప్పాలి? ఆవేళ ఫోన్లో చెప్పాను, ఇప్పుడూ అదే చెప్తున్నాను. కంకిపాడు నుంచి ఈ ఎండలో బస్సెక్కి పటమట దాకా రావాలా చెప్పండి? కూర్చోండి సుబ్బరత్నంగారూ, ఆ ఫ్యాను కిందకి జరగండి.

ఏంటీ? మీ అన్నయ్యగారు చెప్తేనే చేశానా? అయ్యో, ఎంతమాట!

నిజమేనండీ, మీ అమ్మాయి సాయిశ్రీ పెళ్లి వీడియోలో మీ వదినగారి మొహం కింద ‘మా అమ్మ’ అని పడింది. వియ్యాలవారింట్లో పదిమంది చూస్తుండగా పడింది. మీకు తల కొట్టేసినట్టయింది. కన్యాదానం ఎలాగూ అన్నావదినలే చేశారు, ఆఖరికి అమ్మ పేరు కూడా లాగేసుకున్నారా అనుకున్నారు. మీ చోట నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి.

అసలా పేర్లు ఎలా పడతాయో చెప్తాను, వినండి. ప్రోగ్రాం రాసి, వీడియో ఫైల్లోనే కమాండ్లు పెడతానన్నమాట. పదో సెకనుకి ఈ మాట చూపించు, నిమిషానికి ఆ మాట చూపించు అని. విజయవాడలో ఇలా చేసేది నేనొక్కణ్ణేనని గొప్పలు కూడా పోయాను లెండి. దానికి మొహాలు తెలీవండీ, టైమొక్కటే తెలుసు. ఆ టైముకి తెర మీద ఎవరుంటే వాళ్లకి తగిలించేస్తుంది. పంతులుగారి కింద ‘పిన్ని’ అని పడితే అందరూ నవ్వారట గదా. మీరెలా నవ్వుతారు?

లిస్టు మీ అమ్మాయే రాసిచ్చింది. అందరికీ వరసలు రాసింది. మొదటి లైన్లో ‘మా అమ్మ’. పదో సెకనుకి ఉన్నది మీరేనండీ.

మరి నేనెక్కడికి పోయానంటారా?

ముందు కాస్త మంచినీళ్లు తాగండి.

వీడియో మొదట్లో ముప్పావు నిమిషం కోసేశానండీ. బొమ్మంతా ముందుకి జరిగింది, కమాండ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. మీరుండాల్సిన పదో సెకనుకి పీటల మీద వదినగారొచ్చారు.

ఎందుకు కోశావంటారు. అడగండి, అడగాల్సిందే.

పెళ్లికూతుర్ని చేసేటప్పుడు మీరు తలుపు పక్కన నిలబడ్డారు, గుర్తుందా? నా కెమెరా చూసి, “నన్నెందుకులే నాయనా, అటు తియ్యి” అన్నారు. సాయిశ్రీ ఊరుకుందా? చెయ్యి పట్టి లాక్కొచ్చి, బుగ్గచుక్క నువ్వే పెట్టాలంది. పెట్టారు. ఆ ముప్పావు నిమిషంలో ఉన్నది అంతేనండీ.

మీవాళ్ల పద్ధతులన్నీ నాకే తెలుసని నా పొగరు. పెళ్లి వీడియో తెరవగానే భర్త పోయినావిడ కనబడితే శుభం కాదంటారేమో, మొహాలు ముడుచుకుంటారేమో అని నాకు నేనే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదండీ. మీ అన్నయ్య దుర్గాప్రసాద్‌గారు పాపం, “మా చెల్లెలు బాగా పడిందా నాసిర్” అని అడిగారు కూడా. పడిందన్నాను.

మా నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. మా చెల్లెలు అఫ్సా నిఖాకి తల మీద దుపట్టా కప్పింది మా అమ్మే. ఆ వీడియో చేసిందీ నేనే. మా అమ్మని కోశానా? లేదే! మీ అమ్మాయి వాళ్లమ్మని మాత్రం కోశాను. సిగ్గేస్తోందండీ.

ఇదిగోండి, సీడీ. ఆ ముక్క మళ్లీ ముందు అతికించాను. ఒక్క కమాండూ మార్చలేదు. మీరు మీ చోటికి రాగానే ఎవరి పేరు వాళ్ల కిందకి వెళ్లి కూర్చుంది.

ఎప్పుడు చేశాననా?

మీ ఫోనొచ్చిన మర్నాడేనండీ. మూడు నెలలైంది. ఇస్తే, ఎందుకు కోశావని అడుగుతారుగా. ఆ భయానికి ఈ సొరుగులో పడేశాను.

అన్నయ్యగారి గృహప్రవేశానికి మీరు వెళ్లలేదు గదా. భోజనాలు వడ్డించనివ్వకుండా రెండింటిదాకా గుమ్మంలోనే నిలబడ్డారాయన, మా చెల్లెలు రావాలి అంటూ. ఎలా తెలుసంటారా? ఆ వీడియో తీసింది నేనేనండీ. అప్పుడూ ఇది సొరుగులోనే ఉంది.