అద్దం వెనక కుర్చీ

కొత్త కొట్టు. సగం లేచిన షట్టరు కింద నుంచి బావ లోపలికి దూరాడు. నిచ్చెన మీద 'మీ కళ్లముందే బ్యాగుల రిపేరు' అన్న బోర్డుకు మేకులు కొడుతున్న బావమరిది కిందికి దిగలేదు.

"...ఇంకెవరిదిరా ఈ ఐడియా? మీ తాతదా?"

"అరవకు బావా. పక్క కొట్టువాళ్లు చూస్తున్నారు."

"చూడనీ! బ్యాగుల రిపేరు, అదీ కస్టమరు కళ్లముందే, అద్దం వెనక కూర్చుని. ఇది ఎవరి బుర్రలోంచి వచ్చింది?"

"నీ బుర్రలోంచే రావాలి. రాలేదు, అక్కడే ఉండిపోయింది."

"ఒరేయ్!"

"ఆ మేకు కాస్త అందివ్వు. అదిగో, నీ కాలి దగ్గర."

"నీ నెత్తిన దిగ్గొడతాను! జిప్పు ఊడిన బ్యాగు కొట్లో వదిలి వెళ్లాలంటే జనం ఎందుకు భయపడతారు? వెనక గదిలో ఏం మారుస్తారోనని. ఎదురుగా కుడితే ఆ అనుమానమే ఉండదు. అది కనిపెట్టింది నేను. నేను!"

"కనిపెట్టావు. తర్వాత?"

"తర్వాతేంటి, ప్లాన్ చేస్తున్నాను. బోర్డు రంగు దగ్గర్నుంచి..."

"మొన్న నీలం అన్నావు. అంతకుముందు ఆకుపచ్చ. చంకలో బ్యాగు నిండా రంగుల బొమ్మలేగా? దాని జిప్పు ఊడి ఎన్నాళ్లయింది? పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నావు."

"మాట మార్చకు!"

"ఈ కొట్టు ఖాళీగా ఉందని నీకు తెలుసు. రోజూ దీని ముందు నుంచే పోతావు. ఒక్కసారైనా లోపలికొచ్చి అడిగావా?"

"టైము రావాలి కదరా."

"వచ్చింది బావా. నీకోసం ఇక్కడే నిలబడి నిలబడి వెళ్లిపోయింది."

"సరే, నీకెవడు చెప్పాడు? అది చెప్పు. ఇంట్లో తప్ప ఎక్కడా నోరు విప్పలేదు నేను. రాత్రి భోజనాలయ్యాక మీ అక్కని కస్టమరులా కుర్చీలో కూర్చోబెట్టి ప్రాక్టీసు చేసేవాణ్ణి. 'రండి మేడమ్, మీ కళ్లముందే కుడతాం' అని."

"రోజూనా?"

"రోజూ! ఒక్కనాడూ విసుక్కోలేదు తెలుసా. తెలివైన ప్రశ్నలు కూడా వేసేది. బ్యాగు చక్రం ఊడినా చేస్తారా? దారం రంగు కలవకపోతే ఎలా? అని."

"నువ్వేమన్నావు?"

"...చూద్దాం అన్నాను."

"ఊఁ."

"ఊఁ ఏంట్రా? కిటికీ దగ్గర నక్కి విన్నావు కదూ! దొంగ వెధవా!"

"నేను వినలేదు. కొట్టు నాది కాదు. నాకిక్కడ మేకుల పని, అంతే."

"మరెవడిది?"

"ఓనరు లోపలే ఉన్నారు. ఆ అద్దం వెనక, మిషను దగ్గర."

"అద్దం నిండా ఈ కాగితాలేంటి?"

"తెరిచేదాకా ఎవరికీ కనబడకూడదని అంటించాం."

"చింపు. ఎవడో వాడు, మొహం చూడాలి. కాలరు పట్టుకుని రోడ్డు మీదికి..."

"వద్దు బావా. ఇంటికెళ్లి నెమ్మదిగా మాట్లాడుకోండి."

"ఇంటికెందుకు? ఈ సంగతి తెలిస్తే మీ అక్క ఏడుస్తుంది. పాపం, ఫ్యాక్టరీలో పొద్దస్తమానం బట్టలు కుట్టి కుట్టి వస్తుంది. తప్పుకో! నిచ్చెన దిగి అడ్డం రాకు, నేనే చింపుతాను."

"బావా, నా మాట విను..."

"తప్పుకో అన్నానా! ...ఇది... ఒరేయ్..."

"వద్దని చెప్పానా లేదా?"

"నువ్వా! నువ్వేంటి ఇక్కడ? ఫ్యాక్టరీలో ఉండాలి కదా!"

"మానేశాను. అద్దం మీంచి చెయ్యి తీయండి, మరకలు పడతాయి."

"కట్టుకున్నవాడి ఐడియా ఎత్తుకొస్తావా? నాకొక్క మాట చెప్పకుండా?"

"చెప్పాను. కొట్టు ఖాళీ అయింది, వెళ్లి అడుగుదామా అని ఎన్నిసార్లో అడిగాను. అదీ కస్టమరు ప్రశ్నే అనుకున్నారు మీరు."

"నన్ను... నన్ను పిచ్చివాణ్ణి చేశావు!"

"తమ్ముడూ, షట్టరు పూర్తిగా ఎత్తు. మీరు కూర్చోండి. ఇన్నాళ్లూ ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఆ పిన్నీసు తీసి బ్యాగు ఇలా ఇవ్వండి సార్. మీ కళ్లముందే కుడతాను."