జడ్జిగారింట్లో బొమ్మ పడిన వైనం

సందు మలుపులో ఉన్న టీకొట్టులో ఆ మధ్యాహ్నం కూర్చున్నది ముగ్గురే. కొట్టు నడిపే అక్కయ్య, పక్క దుకాణంలో కుట్టుమిషను ఆపి వచ్చిన దర్జీ, లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన పెద్దాయన. నాలుగో మనిషి కూర్చోలేదు. కూర్చుంటే అతనికి మాట రాదు. అతన్ని అందరూ బొమ్మ బాబాయి అంటారు. టీవీలోనో ప్రొజెక్టరులోనో బొమ్మ రాకపోతే వెళ్ళి వచ్చేలా చేయడం అతని వృత్తి. అది ఎలా వచ్చిందో పదిమందికీ చెప్పడం అతని ప్రాణం.

ఆ రోజు మాత్రం చెప్పడానికి సరదాతో పాటు అవసరం కూడా ఉంది. రోడ్డుకి అవతల కొత్తగా ఒక సర్వీసు సెంటరు తెరిచారు. అద్దాల తలుపు, లోపల ఒకే రంగు చొక్కాల్లో ఇద్దరు ఇంజనీర్లు. ఇక్కడేమో మాస్టారి భార్య తుంటి విరిగి మూడు నెలలుగా మంచం మీదే ఉంది. ఆవిడకి కాలక్షేపం అవుతుందని మాస్టారు మంచానికి ఎదురుగోడ మీద సినిమా పడేలా ప్రొజెక్టరు పెట్టించారు. వారం రోజులుగా బొమ్మ పది నిమిషాలు బాగానే ఉంటుంది, ఉన్నట్టుండి పోతుంది, గోడంతా నీలంగా మారి 'నో సిగ్నల్' అని పడుతుంది. ఎవరిని పిలవాలా అని ఆలోచిస్తూ మాస్టారు ఆ అద్దాల తలుపు వంకే చూస్తూ టీ ఊదుకుంటున్నారు.

ఆ చూపు బాబాయి కంటపడింది. ఈ పని అటు పోనివ్వకూడదనుకున్నాడు.

"సిగ్నల్ అంటే గుర్తొచ్చింది మాస్టారూ," అన్నాడు గ్లాసు పక్కన పెట్టి. "జడ్జిగారింటి సంగతి మీకు చెప్పానా?"

"చెప్పావు," అంది అక్కయ్య.

"నీకు చెప్పింది పైపైన అక్కయ్యా. అసలు విషయం మాస్టారు వినాలి. జడ్జిగారు మేడమీద ఒక గదంతా సినిమా హాలు చేయించుకున్నారు. నల్లరంగు గోడలు, ఏడు స్పీకర్లు, గోడంత తెర. సినిమా ఆడించే ప్లేయరు నుంచి ఒక వైరు ఆంప్లిఫయరుకి, దాన్నుంచి ఇంకో వైరు గోడలోంచి, సీలింగు మీదుగా ప్రొజెక్టరుకి. అంతా బ్రహ్మాండంగా ఉంది, బొమ్మ ఒక్కటే లేదు. ఆరు గంటలకి చుట్టాలందరినీ సినిమాకి పిలిచేసుకున్నారు, నేను వెళ్ళేసరికి రెండు. జడ్జిగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. నేనేం చేశానూ? కంగారు పడలేదు. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాను. ప్రొజెక్టరులో ఇన్‌పుట్ సరిగ్గా పెట్టారా అని చూశాను. అన్నీ ఆపి, ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేశాను. ఆంప్లిఫయరుని పక్కన పెట్టి, నా సంచిలో ఉన్న వైరుతో ప్లేయరుని నేరుగా ప్రొజెక్టరుకే కలిపాను. బొమ్మ వచ్చింది! అంటే దోషం మధ్యలో ఉందన్నమాట."

"పద్ధతిగానే ఉంది," అన్నారు మాస్టారు, తలాడిస్తూ.

అక్కడ ఆపేసి ఉంటే బాబాయికి ఆ సాయంత్రం పని ఖాయమయ్యేది. కానీ మాస్టారు తలాడించడం చూసేసరికి అతని ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. ఉబ్బిన ఛాతీలో మాట నిలబడదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వైరు కొస తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. వీళ్ళు, ఆ ఎదురుగా ఉన్నవాళ్ళు, మిషన్లు పెట్టి కొలుస్తారు. నాకు మిషనెందుకు? చెవి చాలు. లోపల సిగ్నల్ మూలుగుతోంది."

"మూలుగుతోందా?" అన్నాడు దర్జీ.

"మరి! గోడలో మలుపు దగ్గర ఇరుక్కుపోయింది పాపం. అటు పోలేదు, ఇటు రాలేదు. గోడకి చెవి ఆనించి జానెడు జానెడు చొప్పున వెతికాను. దొరికింది. అక్కడ గోడ మీద మెల్లగా తట్టాను, ఏడుస్తున్న పిల్లని జోకొట్టినట్టు. రా తల్లీ, ఏం ఫరవాలేదు, నేనున్నాగా అన్నాను. జరజరా కదిలింది. ఇంకొక్క అడుగు ఉందనగా ఏమైందో తెలుసా? వైరు పుటుక్కున తెగింది!"

"ఊఁ! తర్వాతో?" అంది వెనకనుంచి ఒక గొంతు.

ఎవరో కొత్తగా వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. అక్కయ్య వాళ్ళకి టీ పోస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. బాబాయి వెనక్కి తిరగలేదు. గాల్లో చేతులతో వైరు పట్టుకుని ఉన్నాడు మరి, తిరిగితే అది జారిపోతుంది. పైగా ఆ 'ఊఁ'లో ఉన్న ఆసక్తి అతనికి వెన్ను నిమిరినట్టయింది.

"తర్వాతేముంది? గడియారం చూస్తే ఆరు. చుట్టాలు కుర్చీల్లో కూర్చున్నారు. తెగిన ముక్క ఒకటి ఈ చేత్తో పట్టుకున్నాను, రెండోది ఈ చేత్తో. కానివ్వండి సార్, సినిమా వేయండి, ఈ రోజుకి నేనే వైరుని అన్నాను. మూడు గంటల సినిమా మాస్టారూ, మొత్తం నా ఒంట్లోంచే వెళ్ళింది! కుడిచేతిలోంచి ఎక్కడం, ఎడమచేతిలోంచి దిగడం. పాటలొచ్చినప్పుడు హాయిగానే ఉంది. ఫైటింగులొచ్చినప్పుడే, ఇదిగో, ఈ భుజం ఇప్పటికీ నొప్పి."

"మరి ఏడుపు సీనులో?" అన్నాడు దర్జీ, నవ్వు ఆపుకుంటూ.

"కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఏదీ? జడ్జిగారే వచ్చి తుడిచారు. బొమ్మ ఎంత నిక్కచ్చిగా పడిందంటే, తెర మీద వాన మొదలవగానే ముందు వరసవాళ్ళు గొడుగులు విప్పారు. రైలొచ్చిందా? జడ్జిగారి తమ్ముడు టిక్కెట్టు కొనలేదని గుర్తొచ్చి కుర్చీ కింద దాక్కున్నాడు! అసలు విడ్డూరం ఇంకా ఉంది. ఇంటర్వెల్లు ముందు విలను పారిపోతున్నాడు. వీడు ఎటు పోతాడు? నా ఒంట్లోంచే కదా పోవాలి! మోచెయ్యి దగ్గరికి వచ్చేదాకా చూసి, గట్టిగా మడిచాను. చిక్కాడు! జడ్జిగారు కుర్చీలోంచి లేచి, అక్కడికక్కడే శిక్ష వేసేశారు!"

"ఎన్నేళ్ళు వేశారు నాయనా?" అంది ఆ వెనక గొంతు.

"ఏడేళ్ళు. కఠిన శిక్ష."

"మా అల్లుడు పొలం గట్లూ, ఇళ్ళ వాటాలూ తేల్చే జడ్జి కదా. పుట్టి బుద్ధెరిగాక ఒక్కణ్ణీ జైలుకి పంపలేదే!"

బాబాయి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మెల్లగా తిరిగి చూశాడు. బెంచీ మీద జడ్జిగారి అత్తగారు. పక్కనున్న ఆస్పత్రిలో కళ్ళు చూపించుకుని, ఒళ్ళో మందుల సంచీతో, టీ సాసర్లో పోసుకుని నిదానంగా తాగుతోంది.

"పెద్దమ్మగారా! ఎప్పుడొచ్చారు?"

"నువ్వు గోడని జోకొడుతున్నప్పుడు," అంది ఆవిడ. తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "మొదట్లో ఇతను పని బాగానే చేశాడటండీ, మా అమ్మాయి చెప్పింది. పాపం, చెమటలు కక్కుకుంటూ అన్నీ పరీక్ష చేశాడు. దుమ్ము దులిపేటప్పుడు ఒక వైరు వదులైందట, అదీ పట్టుకున్నాడు. అక్కడితో అయిపోవాలి. కానీ వైర్లన్నీ ఊడదీసి, తిరిగి పెట్టేటప్పుడు, ఆ ఆంప్లిఫయరు డబ్బా వెనక వచ్చే వైరు పోయే కన్నంలోనూ, పోయే వైరు వచ్చే కన్నంలోనూ పెట్టేశాడు. రెండు గంటల సేపు తల పట్టుకుని కూర్చున్నాడు. నేను కాఫీ ఇవ్వడానికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ఇన్ అనీ అవుటనీ అక్కడ రాసే ఉంది. ఇదేమిటి నాయనా అన్నాను. మార్చాడు. బొమ్మ పడింది."

అక్కయ్య నవ్వీ నవ్వీ పొంగుతున్న పాలు చూసుకోలేదు. దర్జీ బెంచీ పట్టుకుని వంగిపోయాడు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. ఎవరు నవ్వినా అతనికి పట్టేది కాదు, మాస్టారు నవ్వలేదు చూశారా, అదే గుచ్చుకుంది. ఇక లేచి రోడ్డు దాటి ఆ అద్దాల తలుపు తోసుకుని వెళ్తారనుకున్నాడు.

మాస్టారు లేచారు. లేచి, పెద్దావిడ ముందు నిలబడ్డారు.

"అమ్మా, ఈ సాయంత్రం మీకేమైనా పనుందా? మంచం మీదున్న మా ఆవిడకి సినిమా చూపిద్దామంటే, మా ఇంట్లోనూ బొమ్మ వచ్చి వచ్చి పోతోంది."

ఆవిడ సాసరు కింద పెట్టింది. "వైరు బీరువా వెనక నుంచి వస్తుందా?"

"అవును! వారం కిందటే బీరువా జరిపాం."

"నలిగిందేమో చూడాలి. పదండి, ఇప్పుడే వెళ్దాం, ఆవిణ్ణి ఎదురుచూడనివ్వడం దేనికి? ఇతన్నీ రమ్మనండి. చేతులు మంచివే, మాటలే ఎక్కువ. నాయనా, కొత్త వైరొకటి, నిచ్చెనా పట్టుకురా."

బాబాయి సంచీ భుజాన తగిలించుకున్నాడు. వాళ్ళిద్దరి వెనకే మెట్లు దిగుతూ, అక్కయ్య వైపు తిరిగి, కాలరు సర్దుకుని, గొంతు తగ్గించాననుకుంటూ అన్నాడు: "చూశావా అక్కయ్యా? నా శిష్యురాలే! ఆ రోజు కావాలనే తప్పుగా పెట్టి, ఆవిడ చేత కనిపెట్టించాను."

ముందు నడుస్తున్న పెద్దావిడ తల తిప్పనైనా తిప్పలేదు.

"నిచ్చెన మర్చిపోయావు గురువుగారూ!"